బాణం కీ నొక్కితే కర్సర్ ఎటు పోతోంది? టేబుల్‌లో కీబోర్డు బగ్గులు సరిచేసే పద్ధతి

విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో చేపల పాట నడుస్తున్నప్పుడు ఒక్కో లాట్‌కి ఎక్కించాల్సిన వివరాలు చాలా ఉంటాయి. బోటు నంబరు, చేప రకం, బుట్టలు, కిలోలు, కిలో ధర, కొన్నవారి పేరు. కంప్యూటర్ దగ్గర కూర్చున్న మనిషి కళ్లు కాటా మీదో పాట పాడేవాళ్ల మీదో ఉంటాయి, తెర మీద ఉండవు. కుడిచెయ్యి నంబర్ ప్యాడ్ మీద ఉంటుంది. మౌస్ ముట్టుకునే తీరిక లేదు, చేతులు పొడిగానూ ఉండవు. ఇలాంటి చోట ఎంటర్ నొక్కాక కర్సర్ కిలోల గడిలో కాకుండా ధర గడిలో పడిందంటే, 42 కిలోల వంజరం కాస్తా కిలో 42 రూపాయల వంజరం అయిపోతుంది. సాయంత్రం లెక్క చూసేదాకా ఆ తప్పు ఎవరి కంటా పడదు.

ఈ గైడ్ అలాంటి టేబుళ్లు రాసేవాళ్ల కోసం. బ్రౌజర్‌లో నడిచే టేబుల్ అయితే చాలు, రియాక్ట్‌లో రాసినా, వ్యూలో రాసినా, ఉత్త జావాస్క్రిప్ట్‌లో రాసినా జబ్బులు అవే. ఉదాహరణకి పొడుగునా ఈ చేపల టేబుల్నే వాడుకుందాం. బగ్గులు పది రకాలుగా కనిపిస్తాయి గానీ చాలావాటికి మూలం ఒకటే: కర్సర్ ఎక్కడుందన్న సంగతి ప్రోగ్రాంలో మూడు చోట్ల మూడు రకాలుగా ఉండటం. బ్రౌజర్ ఫోకస్ (నొక్కిన కీ చేరే చోటు) ఒక గడిలో ఉంటుంది, మీ స్టేట్ (ప్రోగ్రాం గుర్తుపెట్టుకున్న విలువలు) ఇంకో గడి పేరు చెబుతుంది, నీలం అంచు గీసే సీఎస్‌ఎస్ క్లాస్ మూడో గడికి అంటుకుని ఉంటుంది. ఈ మూడింటినీ ఒక్కటి చేస్తే మరమ్మతులో సగం అయిపోయినట్టే.

ముందు టేబుల్ ఏ రకమో తేల్చుకోండి

చదవడానికి మాత్రమే ఉన్న టేబుల్‌కి బాణం కీలు పెట్టకండి. నిన్నటి అమ్మకాల జాబితా లాంటిది అయితే మామూలు హెచ్‌టీఎంఎల్ టేబుల్ చాలు. అందులోని బటన్లకీ లింకులకీ ట్యాబ్ కీతో చేరుకుంటారు. తెర మీది రాతని చదివి వినిపించే స్క్రీన్ రీడర్ వాడేవారికి గడి గడికీ తిరిగే సౌకర్యం ఆ రీడర్‌లోనే ఉంది. ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్‌లో కంట్రోల్, ఆల్ట్ పట్టుకుని బాణం నొక్కితే చాలు. మీరు మధ్యలో దూరి బాణాలు లాక్కుంటే ఉన్న సౌకర్యం పోతుంది.

గడుల్లోకి ఎక్కించే పని ఉన్నప్పుడే దాన్ని గ్రిడ్‌గా ప్రకటించండి: టేబుల్‌కి ‘గ్రిడ్’ రోల్ (ఇది ఏ రకం ఎలిమెంటో రీడర్‌కి చెప్పే గుర్తు), వరుసకి ‘రో’, గడికి ‘గ్రిడ్‌సెల్’, పై గడులకి ‘కాలమ్‌హెడర్’. ఇక్కడొక పెద్ద పొరపాటు జరుగుతూ ఉంటుంది. బాణం కీల కోడ్ రాయకుండా గ్రిడ్ రోల్ ఒక్కటే తగిలిస్తారు. గ్రిడ్‌లోకి రాగానే స్క్రీన్ రీడర్ తన బాణాలు వదులుకుని వాటిని మీ ప్రోగ్రాంకి అప్పగిస్తుంది. మీ దగ్గర వాటిని అందుకునే కోడ్ లేదు. చూపు లేని మనిషి అక్కడే చిక్కుకుపోతారు. ఆ రోల్ రాశారంటే మాట ఇచ్చినట్టే, నిలబెట్టుకోవాలి.

బగ్‌ని కళ్లారా చూడటం

మౌస్ తీసి సొరుగులో పెట్టండి. క్రోమ్‌లో డెవ్‌టూల్స్ తెరిచి, కన్సోల్‌లో కంటి బొమ్మ నొక్కి, లైవ్ ఎక్స్‌ప్రెషన్‌గా ‘డాక్యుమెంట్ డాట్ యాక్టివ్‌ఎలిమెంట్’ రాయండి. ఏ క్షణాన ఫోకస్ ఎక్కడుందో అది చెబుతూనే ఉంటుంది. ఫైర్‌ఫాక్స్ యాక్సెసిబిలిటీ ప్యానెల్లో ట్యాబ్ వరుస చూపించే చెక్‌బాక్స్ ఉంది. దాన్ని పెడితే పేజీలో ట్యాబ్ ఆగే చోట్లన్నీ అంకెలతో కనిపిస్తాయి. చేపల టేబుల్ మీద 1 నుంచి 240 దాకా అంకెలు మెరిశాయంటే మొదటి బగ్ దొరికినట్టే. టేబుల్ మొత్తానికి ట్యాబ్ ఒక్కసారే ఆగాలి.

తర్వాత విండో మీద కీడౌన్‌కి ఒక తాత్కాలిక లిజనర్ పెట్టండి, క్యాప్చర్ దశలో (నొక్కు పైనుంచి ఎలిమెంట్ వైపు దిగేటప్పుడు) ఒకటి, బబుల్ దశలో (తిరిగి పైకి వచ్చేటప్పుడు) ఇంకొకటి. ప్రతి నొక్కుకీ ఈవెంట్‌లోని కీ, కోడ్, రిపీట్, ఈజ్‌కంపోజింగ్ (అక్షరం ఇంకా కూర్చుకుంటూ ఉందా అన్నది) విలువలు రాయించండి. బబుల్ దశలో డీఫాల్ట్‌ప్రివెంటెడ్ (బ్రౌజర్ మామూలుగా చేసే పనిని ఎవరైనా ఆపారా అన్నది) కూడా చూడండి. మొదటి లిజనర్‌లో కనిపించిన నొక్కు రెండోదానికి చేరలేదంటే, మధ్యలో ఏదో కాంపొనెంట్ దాన్ని పైకి పోనివ్వడం లేదు. డ్రాప్‌డౌన్, తేదీ పికర్ లాంటి బయటి లైబ్రరీల మీద ముందు అనుమానపడండి.

ఇప్పుడు బగ్ వచ్చేలా కీ నొక్కి లైవ్ ఎక్స్‌ప్రెషన్ చూస్తే మూడింటిలో ఒకటి కనిపిస్తుంది. అది ‘బాడీ’ అని చూపిస్తే, ఫోకస్ ఉన్న ఎలిమెంట్‌ని ఎవరో పేజీలోంచి తీసేశారు. రెండరింగ్ వైపు వెతకండి. వేరే గడి చూపిస్తే లెక్క తప్పింది, కీలు అందుకునే కోడ్ వైపు వెళ్లండి. సరైన గడే చూపిస్తున్నా తెర మీద అది కనపడకపోతే తప్పు స్క్రోల్‌లోనో సీఎస్‌ఎస్‌లోనో ఉంది. ఈ ఒక్క పరీక్ష చేయకుండా కోడ్ తెరిస్తే తప్పు ఫైల్లో రోజంతా గడిచిపోతుంది.

బగ్ రాసేటప్పుడు ఏ గడిలో ఉండగా, ఏ మోడ్‌లో (గడుల మధ్య నడకలోనా, గడి లోపల ఎడిట్‌లోనా), ఏ కీ నొక్కితే, ఎక్కడికి పోవాల్సింది ఎక్కడికి పోయిందో రాయండి. దాంతోపాటు నమ్‌లాక్ వెలిగి ఉందా, కీబోర్డు భాష తెలుగా ఇంగ్లీషా అన్నది కూడా తప్పకుండా రాయాలి. ఈ రెండూ ఎందుకో ముందు ముందు తెలుస్తుంది.

కర్సర్‌కి ఒకే చిరునామా

స్టేట్‌లో మూడే విషయాలు పెట్టండి: వరుస ఐడీ, కాలమ్ ఐడీ, మోడ్. ‘మూడో వరుస, నాలుగో కాలమ్’ అని స్థానాన్ని దాచకండి. పాట నడుస్తుండగా ఇంకో కంప్యూటర్ నుంచి కొత్త లాట్ పైన చేరితే మూడో వరుస నాలుగోది అవుతుంది. మీ కర్సర్ ఉన్నచోటే ఉంటుంది గానీ దాని కింద చేప మారిపోతుంది. లాట్ ఐడీ దాచుకుంటే కర్సర్ ఆ లాట్‌తోపాటే కిందికి జరుగుతుంది. రియాక్ట్‌లో వరుసలకి ఇచ్చే కీ కూడా లాట్ ఐడీయే కావాలి, వరుస సంఖ్య పనికిరాదు. సంఖ్య ఇస్తే పాత వరుస ఎలిమెంట్‌లోనే కొత్త లాట్ వివరాలు పోస్తుంది, సగం టైపు చేసిన అంకె పక్కవాళ్ల లాట్‌లో కనిపిస్తుంది.

స్టేట్ నుంచి పేజీకి వచ్చే పద్ధతిని రోవింగ్ ట్యాబ్‌ఇండెక్స్ అంటారు. కర్సర్ ఉన్న గడికి ట్యాబ్‌ఇండెక్స్ 0 (ట్యాబ్ ఆగుతుంది), మిగతా గడులన్నిటికీ −1 (ట్యాబ్ ఆగదు). కర్సర్ కదిలితే 0 కూడా కదులుతుంది, ఆ గడి మీద ఫోకస్ పిలవాలి. కన్సోల్‌లో ఎప్పుడైనా లెక్కపెట్టి చూడండి, గ్రిడ్ లోపల ట్యాబ్‌తో చేరగలిగేది ఒక్కటే ఉండాలి. సున్నా వచ్చిందంటే ట్యాబ్ టేబుల్‌ని దాటుకుని వెళ్లిపోతుంది. కర్సర్ ఉన్న కాలమ్‌ని ఎవరో దాచేసినప్పుడో, ఫిల్టర్‌లో ఆ వరుస ఎగిరిపోయినప్పుడో ఇలా అవుతుంది. ప్రతి రెండర్‌కి ముందు చిరునామా ఇంకా చెల్లుతుందో లేదో చూసి, చెల్లకపోతే దగ్గరి గడికి మార్చే చిన్న ఫంక్షన్ ఒకటి రాసి పెట్టుకోండి. ఒకటి కంటే ఎక్కువ వచ్చిందంటే గడుల లోపలి బటన్లనీ చెక్‌బాక్సులనీ మరిచిపోయారు. అవి పుట్టుకతోనే ట్యాబ్‌కి దొరుకుతాయి కాబట్టి వాటికీ −1 ఇవ్వాలి. గడిలో ఒకే చెక్‌బాక్స్ ఉంటే గడిని వదిలేసి నేరుగా చెక్‌బాక్స్‌కే ఫోకస్ ఇవ్వడం మేలు. స్పేస్ నొక్కితే టిక్ పడుతుంది, రీడర్ కూడా దాని పేరు సరిగ్గా పలుకుతుంది.

ఏరియా యాక్టివ్‌డిసెండెంట్ అనే రెండో దారి ఉంది (ఏరియా అంటే ARIA, స్క్రీన్ రీడర్లకి వివరాలు అందించే హెచ్‌టీఎంఎల్ గుర్తులు). అందులో ఫోకస్ గ్రిడ్ మీదే ఉండి, లోపల ఏ గడి చురుగ్గా ఉందో ఐడీ ద్వారా చెబుతారు. టేబుళ్లకి అది వద్దనే చెబుతాం. గడి వెంట స్క్రోల్ దానంతట అది కదలదు, ఫోకస్ అంచు బ్రౌజర్ గీయదు, ఐడీ ఉన్న గడి పేజీలో లేకపోతే రీడర్ మౌనంగా ఉండిపోతుంది.

ఫోకస్ పిలిచే చోట రెండు జాగ్రత్తలు. మొదటిది, గ్రిడ్ లోపల అప్పటికే ఫోకస్ ఉంటేనే పిలవండి. లేకపోతే పైన వెతుకుపెట్టెలో ‘చందువ’ అని టైపు చేస్తుండగా సర్వర్ నుంచి కొత్త లాట్లు రాగానే టేబుల్ ఫోకస్‌ని గుంజుకుంటుంది, సగం పేరు వెతుకుపెట్టెలో, సగం కిలోల గడిలో పడుతుంది. రెండోది, ఫోకస్‌ని సెట్‌టైమవుట్‌లో పెట్టకండి. ‘ఎందుకో పనిచేయలేదు, 50 మిల్లీసెకన్లు ఆపితే పనిచేసింది’ అని పెట్టిన వరసలు చాలా కోడ్‌లో కనిపిస్తాయి. వేళ్లు వేగంగా ఆడేవాళ్లకి ఆ సందులోనే తర్వాతి అంకె పాత గడిలో పడుతుంది. బార్‌కోడ్ స్కానర్ కూడా బ్రౌజర్ దృష్టిలో కీబోర్డే, మనిషి కంటే చాలా వేగంగా అక్షరాలు పంపి చివర ఎంటర్ కొడుతుంది. అక్కడైతే కోడ్ రెండు ముక్కలుగా రెండు గడుల్లో పడుతుంది. రియాక్ట్‌లో లేఅవుట్ ఎఫెక్ట్‌లో (పేజీ మారిన వెంటనే, తెర మీద గీయకముందే నడిచే కోడ్‌లో) ఫోకస్ పిలిస్తే ఈ సందు ఉండదు. బాణం పట్టి ఉంచినప్పుడు వరుసలు లెక్క తప్పుతుంటే హ్యాండ్లర్ పాత స్టేట్‌ని పట్టుకుని కూర్చుందని అర్థం. కొత్త స్థానాన్ని నేరుగా రాయడం మానేసి, ప్రస్తుత స్థానం తీసుకుని తర్వాతిది తిరిగిచ్చే ఫంక్షన్ రాయండి.

కీలు: రుషికొండలో దొరకని బగ్, హార్బర్‌లో దొరికేది

విశాఖలో రుషికొండ, మధురవాడ ఐటీ ఆఫీసుల్లో కోడ్ రాసే ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి నంబర్ ప్యాడ్ ఉండదు. లెక్కలు ఎక్కించే చోట పెద్ద కీబోర్డు, ఆ ప్యాడే ఆధారం. అందుకే ఈ జాతి బగ్గులు రాసినవాళ్లకి కనపడవు. విడిగా దొరికే యూఎస్‌బీ నంబర్ ప్యాడ్ ఒకటి కొని టీంలో పెట్టుకోండి.

కీబోర్డు ఈవెంట్‌లో ‘కీ’ అంటే నొక్కితే వచ్చే ఫలితం, ‘కోడ్’ అంటే కీబోర్డు మీద ఆ కీ ఉన్న చోటు. నమ్‌లాక్ ఆరి ఉన్నప్పుడు ప్యాడ్ మీది 8 నొక్కితే కీ విలువ ‘యారోఅప్’, కోడ్ విలువ ‘నమ్‌ప్యాడ్8’. ప్యాడ్ ఎంటర్‌కి కీ ‘ఎంటర్’, కోడ్ ‘నమ్‌ప్యాడ్ఎంటర్’. కాబట్టి కోడ్ చూసి నడిపే టేబుల్‌లో ప్యాడ్ ఎంటర్ పనిచేయదు, ప్యాడ్ బాణాలూ పనిచేయవు. నడక కీలకి ఎప్పుడూ ‘కీ’నే చూడండి.

అక్షరాల షార్ట్‌కట్లకి వచ్చేసరికి ఇదే తిరగబడుతుంది. కొత్త లాట్‌కి ఇంగ్లీషు ‘ఎన్’ అక్షరం పెట్టారనుకుందాం. విండోస్‌లో తెలుగు ఇన్‌స్క్రిప్ట్ లేఅవుట్‌లో ఉండగా అదే కీ నొక్కితే ‘కీ’ విలువగా తెలుగు అక్షరం వస్తుంది, షార్ట్‌కట్ పలకదు. చేప పేరు తెలుగులో, అంకెలు ఇంగ్లీషులో కొట్టే మనిషికి ఇది రోజుకి ఎన్నోసార్లు తగులుతుంది. అక్కడ ‘కోడ్’ చూడాలి. మామూలు అక్షరం ఒక్కదాన్నే షార్ట్‌కట్‌గా పెట్టకపోవడం ఇంకా మంచిది. పెడితే దాన్ని ఆపే వీలు, మార్చే వీలు, లేదా ఫోకస్ గ్రిడ్‌లో ఉన్నప్పుడే పనిచేసేలా కట్టడి ఉండాలి. వెబ్ పేజీలు అందరికీ అందుబాటులో ఉండాలని చెప్పే డబ్ల్యూసీఏజీ ప్రమాణంలో 2.1.4 నియమం అడిగేది ఇదే.

నడక మోడ్‌లో కీలు ఇలా ఉండాలి. బాణాలు ఒక గడి జరుపుతాయి, అంచుకి వచ్చాక ఆగిపోతాయి. హోమ్, ఎండ్ ఆ వరుసలో మొదటికీ చివరికీ తీసుకెళ్తాయి, కంట్రోల్‌తో కలిపితే టేబుల్ మొదటికీ చివరికీ. పేజ్ డౌన్ తెరలో కనిపించే వరుసల కంటే ఒకటి తక్కువ దూకితే మంచిది, పాత వరుస ఒకటి కంటి ముందు మిగిలి ఎక్కడున్నామో తెలుస్తుంది. ఎంటర్ గానీ ఎఫ్2 గానీ గడిని తెరుస్తాయి. ఎడిట్ మోడ్‌లో ఎస్కేప్ పాత విలువని తిరిగి పెట్టి నడకకి తెస్తుంది, ఎంటర్ విలువని నిలిపి ముందుకి జరుపుతుంది. ఆ జరగడం కిందికా కుడికా అన్నది ఎక్కించేవాళ్లని అడిగి పెట్టండి. లాట్ వారీగా ఎక్కించే మా ఉదాహరణలో కుడికి, వరుస చివర కొచ్చాక కింది వరుస మొదటి గడికి.

బ్రౌజర్ సొంత పనిని ఆపే ప్రివెంట్ డీఫాల్ట్‌ని మీరు వాడుకున్న కీకి మాత్రమే పిలవండి. హ్యాండ్లర్ మొదటి వరసలోనే పిలిస్తే ట్యాబ్ చచ్చిపోతుంది, మనిషి టేబుల్‌లో బందీ అవుతారు. అది డబ్ల్యూసీఏజీలో 2.1.2 నియమాన్ని నేరుగా మీరడం. అలాగని ఆఖరి వరుసలో కింది బాణాన్ని ‘జరగలేదు కదా’ అని వదిలేయకండి. వదిలితే పేజీ మొత్తం కిందికి జారుతుంది. ఆల్ట్, కంట్రోల్, విండోస్ కీలు పట్టి ఉన్నాయేమో ముందు చూడండి. ఆల్ట్‌తో ఎడమ బాణం విండోస్‌లో బ్రౌజర్ వెనక్కి వెళ్లే కీ, దాన్ని మీరు మింగకూడదు.

ఎడిట్ మోడ్‌లో బాణాలు గడి లోపలి టెక్స్ట్‌వి. ‘వంజరం’లో అక్షరం దిద్దడానికి ఎడమ బాణం నొక్కితే పక్క గడికి దూకడం చాలామంది ఫిర్యాదు చేసే బగ్. హ్యాండ్లర్ మొదట్లోనే మోడ్ చూస్తే చాలు.

కిలోల గడికి ‘నంబర్’ రకం ఇన్‌పుట్ పెట్టకండి. అందులో కింది బాణం నొక్కితే 42 కాస్తా 41 అవుతుంది. కింది గడికి పోదామని నొక్కిన మనిషికి కిలో పోయిన సంగతి తెలియదు. టెక్స్ట్ రకం ఇన్‌పుట్ పెట్టి, ఇన్‌పుట్‌మోడ్ ‘డెసిమల్’ ఇచ్చి, అంకెల తనిఖీ మీరే చేసుకోండి.

ఎంటర్‌తో ఇంకో ప్రమాదం ఉంది, చాలా మెత్తగా దెబ్బతీస్తుంది. ‘తొలగించు’ గడి మీద ఎంటర్ నొక్కారు. మీ కీడౌన్ హ్యాండ్లర్ ‘నిజంగా తొలగించాలా?’ అని డైలాగ్ తెరిచి ‘అవును’ బటన్ మీద ఫోకస్ పెట్టింది. ఆ నొక్కు ఇంకా పూర్తి కాలేదు, దాని మిగతా సగం కొత్తగా ఫోకస్ వచ్చిన బటన్‌కి చేరి దాన్ని నొక్కేస్తుంది. డైలాగ్ మెరిసి మాయం, లాట్ గల్లంతు. ప్రివెంట్ డీఫాల్ట్ పిలవండి, రిపీట్ విలువ నిజమైతే ఆ ఎంటర్‌ని పట్టించుకోకండి, ఫోకస్ ‘వద్దు’ మీద పెట్టండి. మూడూ చేయండి.

తెలుగు టైపింగ్ దగ్గర

నడక మోడ్‌లో అక్షరం నొక్కగానే గడి తెరుచుకుని ఆ అక్షరంతోనే మొదలవ్వాలని అందరూ కోరుకుంటారు. కీ విలువ పొడవు 1 అయితే అక్షరం అనుకుని తెరిచే కోడ్ ఇంగ్లీషుకి సరిపోతుంది. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు వచ్చే ఫొనెటిక్ కీబోర్డుల్లో విరిగిపోతుంది. గడి టైపు చేయడానికి వీలైన ఎలిమెంట్ కాదు కాబట్టి మొదటి నొక్కు కీబోర్డు ప్రోగ్రాంకి చేరదు. ఇన్‌పుట్ తెరుచుకునేసరికి ఆ నొక్కు అయిపోయి ఉంటుంది. ‘వంజరం’ అని కొడితే ‘అంజరం’ అని పడుతుంది, లేకపోతే ముందు ఒక ఇంగ్లీషు అక్షరం వేలాడుతూ మిగులుతుంది.

దీనికి నికరమైన మందు ఒకటే. నడక మోడ్‌లో కూడా కర్సర్ ఉన్న గడిలో కనపడని ఖాళీ ఇన్‌పుట్ ఒకటి ఉంచి, అసలు ఫోకస్ దానికి ఇవ్వండి. మొదటి నొక్కు నుంచీ కీబోర్డు ప్రోగ్రాం దానిలోనే కూర్చుతుంది. అక్షరాల కూర్పు మొదలైందని చెప్పే కంపోజిషన్‌స్టార్ట్ గానీ ఇన్‌పుట్ ఈవెంట్ గానీ రాగానే దాన్ని కనిపించేలా చేసి మోడ్ మార్చండి. ఇన్‌పుట్‌ని అక్కడికక్కడే పెద్దది చేయాలి, తీసేసి కొత్తది పెట్టకూడదు. పెడితే మళ్లీ మొదటి అక్షరం పోతుంది. ఈ ఇన్‌పుట్‌కి గడి పేరునీ విలువనీ ఏరియా లేబుల్‌గా ఇవ్వడం మరవద్దు, లేకపోతే రీడర్ ప్రతి గడినీ ‘ఖాళీ’ అంటుంది.

సూచనల పట్టీ నుంచి మాట ఎంచుకోవడానికి నొక్కిన ఎంటర్ మీ హ్యాండ్లర్‌కి కూడా వస్తుంది. ఈజ్‌కంపోజింగ్ నిజమైతే ఆ నొక్కు మీది కాదు, వదిలేయండి. సఫారీలో కంపోజిషన్ ముగిశాక ఆ ఎంటర్ వస్తుంది, అప్పటికి ఈజ్‌కంపోజింగ్ అబద్ధమై ఉంటుంది. అక్కడ పాత కీకోడ్ విలువ 229 ఉందేమో కూడా చూడాలి. కీకోడ్ వాడొద్దని ఎన్ని చోట్ల చదివినా ఈ ఒక్క తనిఖీకి అది ఉండాల్సిందే.

దాచిన కాలమ్‌లు, కలిసిన గడులు

గీయడానికి ఒక కాలమ్ జాబితా, నడవడానికి ఇంకో జాబితా వాడితే దాచిన కాలమ్‌లో కర్సర్ మాయమవుతుంది. కనిపించే కాలమ్‌ల జాబితా ఒక్కటే తయారుచేసి రెండింటికీ దాన్నే ఇవ్వండి. బోటు మొత్తం చూపే వరుసలో మూడు గడులు కలిసి ఉంటే, దాని మీదుగా కిందికి దిగినప్పుడు మొదట ఉన్న కాలమ్‌లోకే దిగాలి. దానికి ‘కోరుకున్న కాలమ్’ అని విడిగా గుర్తుపెట్టుకుని, పక్కకి జరిగినప్పుడు మాత్రమే దాన్ని మార్చండి.

గడి కనపడటం

పైన అంటుకుని ఉండే హెడర్, ఎడమన అంటుకుని ఉండే బోటు నంబరు కాలమ్ ఉన్న టేబుల్‌లో పైకి నడుస్తుంటే కర్సర్ హెడర్ కిందికి దూరుతుంది. హెడర్ 48 పిక్సెళ్లు, ఎడమ కాలమ్ 160 పిక్సెళ్లు అనుకుంటే, స్క్రోల్ అయ్యే డబ్బాకి స్క్రోల్ ప్యాడింగ్ పైన 48, ఎడమ 160 ఇవ్వండి. ఫోకస్‌ని ప్రివెంట్‌స్క్రోల్‌తో పిలిచి, తర్వాత స్క్రోల్‌ఇన్‌టూవ్యూని అడ్డంగా నిలువుగా రెండింటికీ ‘నియరెస్ట్’ అని పిలవండి. గడి ఇప్పటికే కనిపిస్తుంటే ఏమీ కదలదు. స్మూత్ స్క్రోల్ తీసేయండి. బాణం పట్టి ఉంచినప్పుడు ఒక కదలిక పూర్తికాకుండానే ఇంకోటి మొదలై కర్సర్ తెర దాటి పరుగెత్తుతుంది. 2023 అక్టోబర్ 5న వచ్చిన డబ్ల్యూసీఏజీ 2.2లో ఫోకస్ పూర్తిగా కప్పుకుపోకూడదన్న నియమం చేరింది, దాని సంఖ్య 2.4.11.

ఫోకస్ అంచుని అవుట్‌లైన్‌తోనే గీయండి. బాక్స్ షాడోతో గీస్తే విండోస్ హై కాంట్రాస్ట్‌లో అది మాయమవుతుంది. గడి ఓవర్‌ఫ్లో దాచి ఉంటే అంచు బయటివైపు తెగిపోతుంది, అవుట్‌లైన్ ఆఫ్‌సెట్ −2 పిక్సెళ్లు ఇస్తే లోపలికి వస్తుంది. పక్క రంగుతో తేడా కనీసం 3కి 1 ఉండాలి.

వేల వరుసలు ఉన్నప్పుడు

వేల లాట్లు ఉంటే తెరలో కనిపించే వరుసలనే పేజీలో ఉంచే వర్చువల్ పద్ధతి వాడతారు. మౌస్ చక్రంతో కిందికి తిప్పగానే కర్సర్ ఉన్న వరుస పేజీలోంచి పోతుంది, ఫోకస్ ‘బాడీ’కి పడుతుంది, తర్వాత నొక్కిన బాణం ఎవరికీ అందదు. కర్సర్ ఉన్న వరుసని తెర బయట ఉన్నా సరే ఎప్పుడూ గీసి ఉంచండి. అదనంగా ఒక్క వరుస, బరువేమీ కాదు. దూరం దూకేటప్పుడు వరుసక్రమం ముఖ్యం: ముందు స్టేట్ మార్చాలి, తర్వాత ఆ వరుస దగ్గరికి స్క్రోల్ చేయాలి, వరుస గీశాక ఫోకస్ ఇవ్వాలి. తిరగేసి చేస్తే ఇంకా పుట్టని గడికి ఫోకస్ పిలిచినట్టవుతుంది. అది ఎర్రర్ కూడా చూపకుండా ఊరుకుంటే కారణం వెతకడం కష్టం.

పేజీలో 30 వరుసలే ఉన్నాయి కాబట్టి రీడర్ 30 అనే చెబుతుంది. ఏరియా రోకౌంట్‌లో హెడర్‌తో కలిపి అసలు లెక్క ఇవ్వండి, తెలియకపోతే −1. ఏరియా రోఇండెక్స్ 1 నుంచి మొదలవుతుంది. హెడర్ 1 అయితే మొదటి లాట్ 2. సున్నా నుంచి లెక్కపెట్టే అలవాటు ఇక్కడ తప్పులు తెస్తుంది.

టేబుల్ మారినప్పుడు ఫోకస్ ఎక్కడ ఉండాలి

లాట్ తొలగిస్తే కింది లాట్‌లో అదే కాలమ్‌కి, కింద లేకపోతే పై లాట్‌కి. ఒక్కటీ మిగలకపోతే ‘కొత్త లాట్’ బటన్‌కి. వరుసపెట్టు బటన్ నొక్కితే ఫోకస్ ఆ హెడర్ బటన్ మీదే ఉండాలి, ఏరియా సార్ట్ ఆ ఒక్క కాలమ్‌కే ఉండాలి. డైలాగ్ మూస్తే తెరిచిన గడికే తిరిగి రావాలి. సేవ్ అవుతున్నంతసేపు బటన్‌ని డిజేబుల్ చేస్తే దాని మీద ఉన్న ఫోకస్ గాల్లో వేలాడుతుంది, ఏరియా డిజేబుల్డ్ ఇచ్చి నొక్కుని లోపల ఆపండి. డేటా మళ్లీ తెచ్చేటప్పుడు టేబుల్ తీసేసి తిరిగే చక్రం చూపడం ఎక్కువ మంది చేసే తప్పు. టేబుల్‌ని ఉన్నచోటే ఉంచి ఏరియా బిజీ పెట్టి, మసకగా చూపితే ఫోకస్ నిలుస్తుంది.

పరీక్ష

అసలు బ్రౌజర్ లేకుండా పేజీని అనుకరించే జేఎస్‌డామ్ మీద నడిచే టెస్టుల్లో పేజీ కొలతలు ఉండవు. ఏ గడికి ఫోకస్ వచ్చిందో అవి చెబుతాయి గానీ హెడర్ కింద దాక్కుందో లేదో చెప్పలేవు. స్క్రోల్, వర్చువల్ వరుసలు, నిజమైన ట్యాబ్ నడక కోసం ప్లేరైట్ లాంటి అసలు బ్రౌజర్ నడిపే పనిముట్టు వాడండి. సరిచేసిన ప్రతి బగ్‌కీ ఒక టెస్ట్ రాయండి: ఫలానా గడిలో మొదలు, ఫలానా కీలు, చివర ఫోకస్ ఫలానా లాట్ ఐడీ, ఫలానా కాలమ్. కర్సర్ తెర లోపల ఉందన్నది కూడా చూడండి. తెలుగు కంపోజిషన్‌ని మాత్రం చేత్తోనే పరీక్షించాలి. కీలు నొక్కినట్టు పంపే టెస్టులు అసలు కీబోర్డు ప్రోగ్రాం గుండా వెళ్లవు.

ఎన్‌వీడీఏ ఉచితం, దానితో వచ్చే ఈస్పీక్ గొంతు తెలుగు చదువుతుంది. తెర ఆపేసి, అది పలికేది వింటూ ఒక వరుస నింపండి. ప్రతి గడిలో కాలమ్ పేరు, విలువ వినపడాలి. మ్యాక్ మీద సఫారీలో ట్యాబ్ లింకుల దగ్గర ఆగకపోతే మీ కోడ్‌ని తిట్టుకునే ముందు సఫారీ సెట్టింగుల్లో ట్యాబ్‌తో పేజీలోని ప్రతి అంశం దగ్గరా ఆగే ఎంపిక పెట్టి ఉందో లేదో చూడండి.

చివరి పరీక్ష వాడేవాళ్లతోనే. 20 తూకం చీటీలు ఇచ్చి, మానిటర్‌ని గోడవైపు తిప్పి, వాళ్ల వేగంతో కొట్టమనండి. తర్వాత చీటీలతో గడి గడీ పోల్చండి. ఎక్కడ తేడా వచ్చిందో అక్కడికి మళ్లీ లైవ్ ఎక్స్‌ప్రెషన్ పట్టుకుని వెళ్లండి.

మార్పుని వాడకంలోకి ఎప్పుడు దించాలన్నదీ ఆలోచించండి. మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్ల వేట నిషేధం. హార్బర్ టేబుల్‌కి కీలు మార్చాలంటే అదే అదను. ఎంటర్ కిందికి పోవడానికి అలవాటుపడ్డ వేళ్లు కుడికి పోవడం నేర్చుకోవడానికి రోజులు పడతాయి. వేట మొదలైన తెల్లవారుజామున ఆ పాఠం పెట్టకండి. మొదటి వారం పాత నడకకి తిరిగి వెళ్లే సెట్టింగ్ ఒకటి ఉంచి, ఎంతమంది దాన్ని వాడారో చూసుకుని అప్పుడు తీసేయండి.